అబా సంతలో ఉప్పు పాఠం

దక్షిణ ఢిల్లీలోని మునిర్కా ఇప్పుడు ఊరూ కాదు, పూర్తిగా నగరమూ కాదు. ఒకప్పుడది జాట్ రైతుల గ్రామం. పొలాలు పోయాయి. చుట్టూ జేఎన్‌యూ, డీడీఏ ఫ్లాట్లు, ఔటర్ రింగ్ రోడ్డు, 2018 నుంచి మెట్రో వచ్చి చేరాయి. మిగిలిన ఇరుకు గల్లీల్లో ఇళ్లు అంతస్తు మీద అంతస్తు లేచాయి. అక్కడిప్పుడు అద్దెలే పంట. ఈశాన్య రాష్ట్రాల యువత, సివిల్స్‌కు సిద్ధమయ్యే తెలుగు, మలయాళీ, బీహారీ కుర్రాళ్లు, చదువుకో వ్యాపారానికో వచ్చిన ఆఫ్రికా దేశాలవాళ్లు, అందరికీ అదే చిరునామా. అందరిలోకీ తేలిగ్గా గుర్తుపట్టేది, అతి తక్కువగా తెలుసుకునేది ఆఫ్రికావాళ్ల గురించే. నైజీరియా అయినా ఘనా అయినా కాంగో అయినా గల్లీకి ఒకటే మాట, 'ఆఫ్రికన్'.

ఢిల్లీకి ఆఫ్రికా తెలియదనలేం. మునిర్కా దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు నుంచి వసంత్ కుంజ్ వైపు వెళ్లే దారి పేరు నెల్సన్ మండేలా మార్గ్. సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్ వైపు ఆఫ్రికా ఎవెన్యూ ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా అధ్యయన విభాగం 1955లోనే మొదలైంది. అప్పటికి ఆ ఖండంలో చాలా దేశాలకు స్వాతంత్య్రమే రాలేదు. అయినా 2016 మేలో మునిర్కాకు దగ్గర్లోని వసంత్ కుంజ్ ప్రాంతంలో, ఆటో ఎవరెక్కాలన్న తగాదాలో కాంగో యువకుణ్ణి కొట్టి చంపారు. మరుసటి ఏడాది మార్చిలో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులపై మూకలు దాడి చేశాయి. ఢిల్లీలోని ఆఫ్రికా రాయబారులు వాటిని జాతి వివక్ష దాడులని బాహాటంగానే అన్నారు. దారికి పేరు పెట్టినంత సులువు కాదు, ఆ దారిన నడిచే మనిషి చరిత్ర తెలుసుకోవడం.

తెలుసుకోవలసిన చరిత్రల్లో మార్గరెట్ ఎక్పోది ఒకటి. ఆమె కుట్టుపని నేర్పి సంపాదించారు, సంతలో ఆడవాళ్లను కూడగట్టారు, వలస పాలకులను నిలదీశారు, శాసనసభకు ఎన్నికయ్యారు, చివరికి సొంత మనుషుల చెరసాలలోనే మగ్గారు. మన స్వాతంత్య్రోద్యమం గురించి చదువుకున్న ఎవరికైనా ఆమె కథలో చాలా పోలికలు తగులుతాయి. ఒక పెద్ద తేడా కూడా తగులుతుంది.

ఎక్పో 1914 జూలై 27న ఆగ్నేయ నైజీరియాలోని క్రీక్ టౌన్‌లో పుట్టారు. తల్లి ఆ పట్టణాన్నేలిన రాజవంశానికి చెందినవారు. తండ్రి ఇగ్బో. 1934లో తండ్రి పోవడంతో ఆమె పైచదువు ఆగిపోయింది. ఆరో తరగతి చదువుతోనే పంతులమ్మ ఉద్యోగంలో చేరారు. 1938లో డాక్టర్ జాన్ ఉడో ఎక్పోను పెళ్లాడి, ఆయన ఉద్యోగం చేసే అబా పట్టణానికి వెళ్లారు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఆమె ఒక ప్రభుత్వ డాక్టరు గారి భార్య. కానీ చేరింది మామూలు ఊరికి కాదు.

అబా అంటే సంత. ఈనాటికీ నైజీరియాలో ఆ ఊరి పేరు చెబితే గుర్తొచ్చేది కుట్టుపనివాళ్లు, చెప్పులు, బట్టల దుకాణాలే. ఆ రోజుల్లో దాని ప్రాణం ఆయిల్ పామ్. మన గోదావరి జిల్లాల్లో, ఖమ్మంలో రైతులు ఇప్పుడు వేస్తున్న ఈ చెట్టుకు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికాయే. ఇగ్బోల ఆనవాయితీ ప్రకారం గెలల నుంచి తీసిన నూనె మగవాళ్లది, గింజల్లోని పప్పు ఆడవాళ్లది. అంటే ఇంట్లో ఉంటూనే ఆమెకంటూ ఒక సరుకు, ఒక లెక్క, సంతలో ఒక చోటు ఉండేవి. డబ్బు అవసరమైతే బ్యాంకు తలుపు తట్టే పనిలేదు. పదిమంది కలిసి వారంవారం తలా కొంత వేసుకోవడం, పోగైన మొత్తాన్ని వంతులవారీగా ఒక్కొక్కరు తీసుకోవడం పద్ధతి. ఎసుసు అంటారు దాన్ని. వేలంపాట లేని మన చీటీ లాంటిదే. చీటీ నడవాలంటే నమ్మకం కావాలి. నమ్మకం ఉన్నచోట కబురు వేగంగా నడుస్తుంది. ఆ కబురు ఎంత వేగంగా నడుస్తుందో బ్రిటిష్ పాలకులకు 1929లో తెలిసొచ్చింది.

అంతకు ముందు ఏడాదే అక్కడ మగవాళ్లపై పన్ను మొదలైంది. ప్రపంచ మార్కెట్లో పామ్ ధరలు పడిపోతున్నాయి. అదే సమయంలో ఆడవాళ్లను, మేకలను, గొర్రెలను కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. లెక్కపెట్టారంటే తర్వాత వచ్చేది పన్నేనని జనం అనుభవంతో గ్రహించారు. ఓలోకో అనే ఊళ్లో న్వాన్యెరువా అనే మహిళ ఎదురుతిరిగింది. కబురు సంత నుంచి సంతకు పాకింది. వేలాదిమంది స్త్రీలు బ్రిటిష్‌వారు నియమించిన పెద్దల ఇళ్లను చుట్టుముట్టారు, కోర్టు భవనాల మీదకు వెళ్లారు. సైన్యం కాల్పుల్లో 50 మందికి పైగా మరణించారు. బ్రిటిష్ రికార్డులు దీన్ని అబా అల్లర్లు అన్నాయి. అక్కడి ఆడవాళ్లు మాత్రం మహిళల సమరమనే చెప్పుకున్నారు. ఎక్పో కాపురానికి వచ్చేసరికి ఆ సమరం ముగిసి పదేళ్లు కూడా కాలేదు.

ఆ సంతలతో తెలుగువారికీ ఒక పాత చుట్టరికం ఉంది. నైజీరియా తీరంలోని కలబారీ, ఇగ్బో తదితర జాతుల స్త్రీలు పెళ్లిళ్లకు, పండుగలకు కట్టుకునే గళ్ల బట్టను వాళ్లు ఇంజిరి అనీ, మరికొన్ని రకాలను జార్జ్ అనీ అంటారు. మొదటిది ఇండియా పేరు మీద, రెండోది మద్రాసు సెయింట్ జార్జ్ కోట పేరు మీద పుట్టాయని చెబుతారు. వ్యాపారులు రియల్ మద్రాస్ హాండ్‌కర్చీఫ్ అని పిలిచిన ఈ రకం రుమాళ్లను పశ్చిమ ఆఫ్రికా కోసమే నేసిన కేంద్రాల్లో చీరాల ఒకటి. బట్ట చీరాలది, పేరు మద్రాసుది, కట్టుకున్నది నైజీరియా మహిళ. నేసినవారికి కట్టినవారు తెలియదు, కట్టినవారికి నేసినవారు తెలియదు. సముద్రం దాటిన సరుకుకు ఉన్న గుర్తింపు మనుషులకు లేకపోవడం మునిర్కాతో మొదలైన జబ్బు కాదు.

ఎక్పో రాజకీయ ప్రవేశం భర్తకు బదులు మనిషిగా జరిగింది. ఆస్పత్రుల్లో తెల్ల డాక్టర్లకో న్యాయం, నల్ల డాక్టర్లకో న్యాయం నడుస్తున్న కాలమది. 1945లో దానిపై నిరసన సభ పెట్టారు. ప్రభుత్వోద్యోగి కనుక డాక్టర్ ఎక్పో వెళ్లడానికి వీల్లేదు. ఆయన తరఫున ఆమె వెళ్లారు. తర్వాత మరో సభలో న్నామ్ది అజికివే, హెర్బర్ట్ మెకాలే వంటి జాతీయ నేతల ప్రసంగాలు విన్నారు. సభ మొత్తానికి ఆమె ఒక్కరే మహిళ. స్వాతంత్య్రం గురించి అంత ధాటిగా మాట్లాడుతున్న నేతలకు ఎదురుగా ఊళ్లో సగం జనాభా లేదు. ఆ సగం ఎక్కడుందో ఆమెకు తెలుసు. సంతలో ఉంది.

అయితే ఆమె వెంటనే వేదిక ఎక్కలేదు. 1946లో ఐర్లాండ్ వెళ్లి డబ్లిన్‌లోని రాత్‌మైన్స్ కళాశాలలో గృహవిజ్ఞాన డిప్లొమా చేశారు. తిరిగివచ్చి అబాలో కుట్టుపని, గృహవిజ్ఞానం నేర్పే సంస్థ పెట్టారు. వలస ప్రభుత్వం కళ్లకు అది ఆడపిల్లలకు కుట్లు, అల్లికలు నేర్పే బడి. అది నిజమే కూడా. కాకపోతే కుట్టుమిషను దగ్గర కూర్చున్న అమ్మాయి చేతికి సొంత సంపాదన వచ్చేది. చుట్టూ పదిమంది ఆడవాళ్లు చేరినచోట ధరల మాట, పన్నుల మాట రాక తప్పదు. బడి నడిపినావిడకు ఫీజుతోపాటు పరిచయాలూ దక్కాయి. అంగడి ఆడవాళ్లను సంఘంగా కట్టాలన్న ఆలోచనకు పునాది అక్కడే పడింది.

కానీ అనుకున్నంత తేలికగా ఎవరూ రాలేదు. సంఘమంటే భర్తలకు అనుమానం. భార్యను ఆ గుమ్మం తొక్కనివ్వనన్నవాళ్లే ఎక్కువ. అంతలో యుద్ధానంతర కాలపు ఉప్పు కొరత ఆమెకు కలిసొచ్చింది. ఎక్పో టోకు దుకాణాలు తిరిగి, డబ్బు కట్టి, ఉన్న ఉప్పంతా తన సంఘం పేరున నిలబెట్టించారంటారు. తర్వాత ఒకటే ప్రకటన. ఉప్పు సంఘం సభ్యులకే. కూర చప్పబడేసరికి భర్తల సిద్ధాంతాలు మెత్తబడ్డాయి. మొన్నటిదాకా వద్దన్నవాళ్లే వెళ్లి పేరు రాయించుకు రమ్మని భార్యలను తరిమారు.

తెలుగు పాఠకులకు ఇక్కడ 1930 గుర్తుకు రాకమానదు. ఆ ఏడాది మద్రాసులో దుర్గాబాయి ఉప్పు సత్యాగ్రహంలో దిగి జైలుకెళ్లారు. రెండు చోట్లా ఉప్పే. దాన్ని వాడిన తీరు మాత్రం వేరు. గాంధీ ఉప్పు నైతిక ధిక్కారానికి గుర్తు. పిడికెడు తీసి చూపిస్తే చాలు. ఎక్పో ఉప్పు బస్తాల్లో కొని దాచిన సరుకు. అందులో త్యాగం కంటే బేరం పాలు ఎక్కువ. అవసరాన్ని అడ్డుపెట్టి సభ్యత్వం రాయించడం ఎంతవరకు సబబన్న ప్రశ్నకు తావుంది. నల్లబజారు వ్యాపారి చేసేదీ దాదాపు ఇదే. అయితే వ్యాపారి ఆ పని చేస్తే లాభం ఒకరి జేబులోకి పోతుంది. ఇక్కడ మిగిలింది ఒక సంఘం. ఆడవాళ్లను ఇంటి గడప దాటించడానికి అప్పటికి మరో తాళంచెవి దొరకలేదు.

సంఘం బలం త్వరలోనే అక్కరకొచ్చింది. 1949 నవంబర్ 18న ఎనుగు దగ్గరి ఇవా లోయ బొగ్గు గనుల్లో వేతనాల కోసం ఆందోళన చేస్తున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. 21 మంది చనిపోయారు. దేశమంతా కదిలింది. అబాలో నిరసనకు ఎక్పో ముందున్నారు. పశ్చిమ ప్రాంతం నుంచి ఫున్మిలాయో రాన్సమ్ కుటి ఆమెతో చేయి కలిపారు. కుటిదీ ఇలాంటి కథే. అబెకుటాలో చదువుకున్న మహిళల క్లబ్బు నడిపే పంతులమ్మ, సంతలో కూరగాయలు, బియ్యం అమ్మేవాళ్లను సభ్యులుగా చేర్చుకోవడంతో ఆ క్లబ్బు కాస్తా ఉద్యమమైంది. ఆడవాళ్లపై పన్నుకు వ్యతిరేకంగా వాళ్లు చేసిన ఆందోళనకు 1949 జనవరిలో స్థానిక రాజే గద్దె దిగాల్సొచ్చింది. లాగోస్‌లో అంతకు ముందే సంత నాయకురాలు అలిమోతు పెలెవురా యుద్ధకాలపు ధరల నియంత్రణను ఎదిరించి నిలిచారు. ఆమె బడి ముఖమే చూడలేదు. వేలాది అంగడి మహిళలకు నాయకురాలు.

వీళ్లంతా ఉత్త నినాదాల మనుషులు కాదు. సరుకు ఎక్కడ ఆగిందో, ధర ఎందుకు పెరిగిందో, ఏ అధికారి సంతకం ఎంతకు దొరుకుతుందో తెలిసినవాళ్లు. వలస పాలన అంటే చదువుకున్న మగవాళ్లకు ఉద్యోగాల్లో వివక్ష, చట్టసభల్లో చోటు లేకపోవడం. అంగడి మహిళకు అదే పాలన పన్ను రశీదు రూపంలో, సరుకు లైసెన్సు రూపంలో ఎదురయ్యేది. అందుకే స్వాతంత్య్రం అన్న మాటను వాళ్లు లెక్కగట్టగలిగారు. పార్టీలకు కావలసింది కూడా ఆ లెక్కే. అజికివే నాయకత్వంలోని ఎన్‌సీఎన్‌సీ ఎక్పోను అక్కున చేర్చుకుంది. ప్రాంతీయ చీఫ్‌ల సభకు పంపింది. రాజ్యాంగ చర్చల్లోనూ ఆమెకు చోటు దక్కింది.

తూర్పు నైజీరియా స్త్రీలకు 1954లో ఓటు హక్కు వచ్చింది. అదే ఏడాది ఎక్పో అబా పట్టణ మహిళా సంఘాన్ని స్థాపించారు. ఏడాది తిరిగేసరికి, 1955 నాటి పట్టణ ఎన్నికల్లో అబాలో మహిళా ఓటర్లు మగ ఓటర్లను మించిపోయారు. ఉప్పు కోసం రాసుకున్న పేర్లే ఓటర్ల జాబితాకు దారి చూపాయనుకోవచ్చు. ఎక్పో గెలుపుల్లో చెప్పుకోదగ్గది ఇదే. పదవి ఒక్కరిది, ఓటు అందరిది. ఉత్తర నైజీరియా మహిళలు అదే హక్కు కోసం 1976 దాకా వేచి చూడాల్సొచ్చిందని గుర్తుంచుకుంటే ఆ విజయం విలువ తెలుస్తుంది.

1960 అక్టోబర్ 1న నైజీరియా స్వతంత్రమైంది. 1961లో ఎక్పో తూర్పు ప్రాంత శాసనసభకు ఎన్నికయ్యారు. మహిళల సమస్యలు సభలో వినిపించే గొంతుగా అయిదేళ్లు పనిచేశారు. 1966 జనవరి 15న సైనిక కుట్ర జరిగింది. చట్టసభలు మూతపడ్డాయి. 1967లో తూర్పు ప్రాంతం బయాఫ్రాగా వేరుపడినట్లు ప్రకటించుకుంది. అంతర్యుద్ధం మొదలైంది. బయాఫ్రా అధికారులు ఎక్పోను నిర్బంధించారు. ఏ గడ్డ మీద సంఘాలు కట్టారో అదే గడ్డ మీద, చాలీచాలని తిండితో దాదాపు మూడేళ్లు ఆమె చెరలో గడిపారు. ఇగ్బో తండ్రి, ఎఫిక్ తల్లి, ఇబిబియో భర్త ఉన్న మనిషి జాతుల పేరిట చీలిన యుద్ధంలో ఎవరి మనిషి? అబా సంతలో ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. యుద్ధం అడిగింది.

1970 జనవరిలో యుద్ధం ముగిసింది. ఎక్పో బయటికొచ్చినా రాజకీయాలు ఆమెకు తెలిసినవి కావు. తుపాకీ చేతికి అధికారం వచ్చాక ఓట్ల సంఘాలతో ఎవరికి పని? ఆమె క్రమంగా తెరవెనక్కి వెళ్లారు. కుటికి ఇంకా ఘోరం జరిగింది. 1977లో ఆమె కొడుకు, గాయకుడు ఫెలా ఇంటిపై సైనికులు దాడి చేసి ఆ వృద్ధురాలిని కిటికీలోంచి తోసేశారు. మరుసటి ఏడాది ఆమె కన్నుమూశారు. బ్రిటిష్‌వారిని ఎదిరించి బతికిన తరం సొంత సైన్యం చేతిలో దెబ్బతింది. పౌర ప్రభుత్వం తిరిగొచ్చాక, 2001లో కాలబార్ విమానాశ్రయానికి మార్గరెట్ ఎక్పో పేరు పెట్టారు. 2006 సెప్టెంబర్ 21న, 92 ఏళ్ల వయసులో ఆమె మరణించారు.

విమానాశ్రయానికి పేరు దక్కింది కనుక కథ సుఖాంతం అనుకోనక్కర్లేదు. 2023 ఎన్నికల తర్వాత ఏర్పడిన నైజీరియా పార్లమెంటులో మహిళలు 5 శాతం కూడా లేరు. ఓటర్ల జాబితాలో మగవాళ్లను మించిన ఆడవాళ్ల దేశంలో ఇదీ పరిస్థితి. సంతను పార్టీలు ఓట్ల కోసం వాడుకున్నాయి. టికెట్ల దగ్గరికొచ్చేసరికి సంత గుర్తుకురాలేదు.

నవ్వుకునే స్థితిలో మనమూ లేం. 2024లో లోక్‌సభకు ఎన్నికైన 543 మందిలో మహిళలు 74 మంది. మన స్వాతంత్య్ర చరిత్రలోనూ అదే పక్షపాతం కనబడుతుంది. అమృతాంజనం అమ్మిన డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపి, ఉద్యమానికి విరాళాలిచ్చిన కాశీనాథుని నాగేశ్వరరావుకు దేశోద్ధారక బిరుదు దక్కింది. ఆయన అర్హుడే. కానీ అదే ఉద్యమంలో ఆడవాళ్లు ఇచ్చింది చెప్పాల్సొస్తే, సభలో ఒలిచి ఇచ్చిన గాజుల గురించే మన పుస్తకాలు మురిసిపోతాయి. మగవాడు సంపాదించి ఇస్తే దాతృత్వం. ఆడది ఒంటిమీది నగ ఇస్తే త్యాగం. ఆమె కూడా సంపాదించి, లెక్కచూసి, బేరమాడి ఉద్యమం నడపగలదన్న ఊహకు ఆ కథల్లో చోటు తక్కువ. ఎక్పో కథలోని పెద్ద తేడా అదే.

చోటు దొరికినప్పుడు ఏం జరుగుతుందో తెలుగునేల చూడకపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం కూలి డబ్బుల లెక్క నుంచే పుట్టింది. రోజంతా కష్టపడితే వచ్చింది సారా కొట్టుకే పోతోందని ఆడవాళ్లు గట్టిగా అడిగారు. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించక తప్పలేదు. తర్వాత మద్యం తిరిగొచ్చింది. ఆ పోరాటం వెంట వచ్చిన పొదుపు సంఘాలు మాత్రం నిలిచి, రాష్ట్రమంతా విస్తరించాయి. ఇవాళ ఏ పార్టీ సభ జరిగినా ముందు వరుసల్లో కనిపించేది డ్వాక్రా మహిళలే. వేదిక మీద ఎందరున్నారో లెక్కపెట్టడం కష్టమేం కాదు. అబా మహిళా సంఘాన్ని చూసి ఎన్‌సీఎన్‌సీ నేర్చుకున్న పాఠమే మన పార్టీలూ నేర్చుకున్నాయి. సంఘం కావాలి, సంఘం నాయకత్వం వద్దు.

మునిర్కాలో గది అద్దెకిచ్చే ముందు ఇంటివాళ్లు ఆఫ్రికా యువతిని అడిగే ప్రశ్నలు ఎన్నో ఉంటాయి. ఏ దేశం, ఏం పని, రాత్రి ఎన్నింటికి వస్తావు, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది. చివరి ప్రశ్నలో అనుమానం దాగి ఉంటుంది. ఆడది ఒంటరిగా, పరాయి దేశంలో, సొంత వ్యాపారం చేసుకుంటోందంటే గల్లీకి నమ్మబుద్ధి కాదు. కరోల్‌బాగ్ నుంచో సదర్ బజార్ నుంచో సరుకు మూటలు కట్టి లాగోస్‌కు పంపే మహిళ కొత్తగా పుట్టుకొచ్చిన మనిషి కాదు. ఆమె వెనుక నూనెగింజల సంత ఉంది, ఎసుసు చీటీ ఉంది, చీరాల రుమాలు ఉంది, ఒక సామ్రాజ్యానికి పన్ను కట్టనని ఎదురుతిరిగిన అవ్వల తరం ఉంది. డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందన్న ప్రశ్నకు అబా ఎప్పుడో జవాబు చెప్పింది. కష్టం నుంచే. ఓటు కూడా ఒకప్పుడు అక్కణ్ణుంచే వచ్చింది.